పక్క ఓడలో రెండువందల పద్నాలుగు

"ఆపు! బస్సు ఆపు!"

ఓట్మార్ అరుపుకి బస్సులో ఉన్న నలభైమందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.

గైడ్ అమ్మాయి మైకు దించింది. "ఏమైంది సార్? ఒంట్లో బాగాలేదా?"

బాగాలేదు. అస్సలు బాగాలేదు!

తన పక్క సీటు ఖాళీ. అది భార్య రోస్వీటాది. "తలనొప్పిగా ఉంది, నువ్వెళ్ళిరా" అని ఓడలోనే ఉండిపోయింది. సరే, ఒప్పుకున్నాడు.

మరి మూడో వరుసలో ఆ ఖాళీ సీటు?

వాల్డెమార్‌ది!

పళ్ళ డాక్టరు వాల్డెమార్. భార్య పోయి రెండేళ్ళు. వెండిజుట్టు, నీలం చొక్కా, మాటకో నవ్వు. రాజభవనం దగ్గర బస్సు దిగినప్పుడు ఉన్నాడు. ఎక్కేటప్పుడు లేడు!

"ఆ డాక్టరేడీ?"

"టాక్సీలో ఓడకి వెళ్ళిపోయారు సార్. ఏదో ఫోనొచ్చింది."

"ఎవరు చేశారు?"

"నాకేం తెలుసు సార్! ఎవరో ఆవిడ... ఏడుస్తున్నట్టుంది."

అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది.

బస్సు ఆగీ ఆగకముందే దూకాడు.

* * *

టాక్సీ.

"డాన్యూబ్ నది ఒడ్డుకి పోనీ! ఓడల రేవుకి!"

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. బోస్నియా మనిషి, పెద్ద మీసాలు. "ఏంటి పెద్దాయనా, ఓడ వెళ్ళిపోతోందా?"

"పెళ్ళాం వెళ్ళిపోతోంది!"

"అది ముందే చెప్పొద్దా!"

టాక్సీ ఎగిరి దూకింది.

ఓట్మార్ పిడికిలి బిగించాడు. ఆరు రోజులు... పసావులో ఓడ ఎక్కింది మొదలు ఆరు రోజులుగా కడుపు రగిలిపోతోంది.

సొంతూరు ఆగ్స్‌బర్గ్‌లో ఉన్నప్పుడు బాధ లేదు. రోస్వీటా ఎక్కడ కాఫీ తాగిందో, ఎన్ని కప్పులు తాగిందో బిల్లు చెప్పేది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె హ్యాండ్‌బ్యాగు వెతుకుతూనే ఉన్నాడు. ఈ దిక్కుమాలిన ఓడలో అన్నీ టికెట్‌లోనే కలిపేశారు. షాంపేన్ కలిపే. కాఫీ కలిపే. బిల్లు లేదు, సంతకం లేదు. ఎవరితో కూర్చుందో, ఎంతసేపు కూర్చుందో... ఒక్క ముక్క ఆధారం లేదు!

భోజనానికి ఎవరి బల్ల దగ్గరైనా కూర్చోవచ్చట. వాడు మొదటి రోజే వీళ్ళ బల్ల దగ్గరికొచ్చాడు. మూడో రోజుకి రోస్వీటా వాణ్ణి 'మీరు' మానేసి 'నువ్వు' అంటోంది. కట్టుకున్నవాడి జోకులకి నవ్వి ఎన్నేళ్ళయిందో! వాడు ఉప్పు అందిస్తే నవ్వుతుంది!

పైగా వాడి గది 213. వీళ్ళది 214. నడవాకి అటొకటి, ఇటొకటి. తలుపు తీస్తే తలుపే!

గదిలో బట్టల బీరువా. బీరువాలో చిన్న ఇనప్పెట్టె. ఇనప్పెట్టెలో తన పిస్టల్. షూటింగ్ క్లబ్బులో ముప్పై ఏళ్ళుగా పేల్చిన పిస్టల్. సాక్సుల మధ్య చుట్టి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో తనకే తెలీదు మొన్నటిదాకా.

ఇప్పుడు తెలుసు.

* * *

రేవులో రెండు ఓడలు. ఒకే కంపెనీవి, ఒకే అచ్చు. ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని నిలబడ్డాయి. వియన్నాలో చోటు చాలక ఎప్పుడూ ఇంతే. ఒడ్డు పక్క ఓడలోంచి నడిచి, బయటి ఓడలోకి దాటాలి.

పొద్దున దిగినప్పుడు తమ ఓడ ఎల్వీరా బయట ఉంది. ఒడ్డు పక్కన లియోనోరా.

టిఫిన్ దగ్గర మేనేజరు మైకులో ఏదో చెప్పాడు. లియోనోరా నాలుగింటికే బయల్దేరుతుంది, దానికి దారివ్వడానికి మధ్యాహ్నం ఓడలు చోట్లు మారతాయి, పేరు చూసుకుని ఎక్కండి అని. అందరూ విన్నారు. ఓట్మార్ వినలేదు. ఆ టైములో అతను రోస్వీటా ఎవర్ని చూస్తోందో చూస్తున్నాడు.

మొదటి ఓడలోకి దూసుకెళ్ళాడు.

"ఓట్మార్ క్రైడల్ గారూ!" రిసెప్షన్ అమ్మాయి లేచి నిలబడింది. "ఒక్క నిమిషం ఆగండి సార్!"

పక్క ఓడ పిల్లకి తన పేరెలా తెలుసు? ఓహో... దీనికీ చెప్పి పెట్టారన్నమాట! నన్ను ఆపమని!

ఆగలేదు. రెండో ఓడలోకి దాటాడు. తాళ్ళు విప్పే హడావిడిలో ఉన్న కుర్రాళ్ళు అతని చేతిలో ఎర్రకార్డు చూసి తప్పుకున్నారు. రెండు ఓడల ప్రయాణికులకీ అదే ఎర్రకార్డు.

మెట్లు! అదే తివాచీ. అదే ఇత్తడి కమ్మీ. నడవా చివర... 214!

తలుపు బార్లా తీసి ఉంది. పనమ్మాయి తువాళ్ళు సర్దుతోంది.

"సార్, మీరు..."

"బయటికి!"

ఆ పిల్ల బెదిరి బయటికి పరిగెత్తింది.

స్నానాల గదిలో షవర్ చప్పుడు. మంచం కింద మగవాడి బూట్లు!

తనవి కావు!

బీరువా తెరిచాడు. ఇనప్పెట్టె మీటలు నొక్కాడు. రోస్వీటా పుట్టినరోజు.

ఎర్ర లైటు.

మళ్ళీ నొక్కాడు.

ఎర్ర లైటు!

"నంబరు మార్చేసింది... నా ఇనప్పెట్టె నంబరు మార్చేసింది!" పెట్టెని పిడికిలితో గుద్దాడు. "బయటికి రా! ఇద్దరూ బయటికి రండి!"

షవర్ ఆగింది. తలుపు తెరుచుకుంది.

తువాలు చుట్టుకుని, బానపొట్టతో, ఎనభై ఏళ్ళ ముసలాయన!

"ఎవడ్రా నువ్వు? నా గదిలో నీకేం పని?"

"నీ గదా? ఇది 214!"

"214 లియోనోరా! తాగొచ్చావా?"

లియోనోరానా? ఓట్మార్ గది చుట్టూ చూశాడు.

కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. ఇంజన్లు! బయట తాడు నీళ్ళలో పడిన చప్పుడు.

బాల్కనీలోకి పరిగెత్తాడు. మీటరు దూరంలో ఇంకో బాల్కనీ. దాని కమ్మీకి, నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే తెల్లటి ట్యూబు, దాని మీద ఎల్వీరా అని పేరు. తమ ఓడ! ఆ బాల్కనీ... 213!

అద్దం వెనక వాల్డెమార్.

వాడి పక్కన రోస్వీటా!

"రోస్వీటా!"

ఆమె తిరిగింది. మొహం పాలిపోయింది. అద్దం తోసుకుని బయటికొచ్చింది.

చేతిలో అతని పిస్టల్!

"ఎందుకు తెచ్చావు ఇది? చెప్పు, ఎవరికోసం?"

"ముందు వాడి గదిలో నువ్వేం చేస్తున్నావో చెప్పు!"

"దాక్కున్నాను! నీకు భయపడి దాక్కున్నాను! నిన్న నిద్రలో నా పేరు పెట్టి చంపేస్తానన్నావు. ఇవాళ పెట్టె తీస్తే ఇది కనిపించింది. నేనెవరికి చెప్పుకోను? ఆయనకి ఫోన్ చేశాను. మా మధ్య ఏమీ లేదు ఓట్మార్... దేవుడి మీద ఒట్టు, ఏమీ లేదు!"

"పోలీసులు వస్తున్నారు, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు వాల్డెమార్ మెల్లగా. "మీకెవరూ హాని చెయ్యరు."

ఆ నవ్వుమొహం! ఆ మెత్తటి గొంతు!

మధ్యలో నీళ్ళు వెడల్పవుతున్నాయి. మీటరున్నర...

లియోనోరా వెళ్ళిపోతోంది. తనని మోసుకుని బుడాపెస్ట్‌కి! ఇక్కడ వీళ్ళిద్దరూ, ఎదురెదురు గదులూ!

కమ్మీ ఎక్కాడు.

"ఒద్దు!" రోస్వీటా కేక పెట్టింది.

దూకాడు!

ఛాతీ వెళ్ళి కమ్మీకి కొట్టుకుంది. వేళ్ళు ఇనుముని పట్టుకున్నాయి. కాళ్ళు గాల్లో! కింద నల్లటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి.

వాల్డెమార్ ఒంగి చెయ్యి అందించాడు. "పట్టుకోండి! గట్టిగా!"

ఓట్మార్ పట్టుకున్నాడు. చెయ్యి కాదు... గొంతు!

లాగాడు. డాక్టరు సగం శరీరం కమ్మీ దాటి వేలాడింది.

"వదులు! ఆయన్ని వదిలెయ్ ఓట్మార్!"

ఆయన్ని! ఇప్పుడు కూడా ఆయన్నే!

"వదలను! వీణ్ణి తీసుకునే పోతాను!"

వాల్డెమార్ కళ్ళు తేలేస్తున్నాడు. బూట్లు నేలని వదిలేశాయి.

"కాలుస్తాను ఓట్మార్! నిజంగా కాలుస్తాను!"

"నువ్వా?" నవ్వాడు ఓట్మార్. "వీడికోసమా?"

ఢాం!

భుజంలో నిప్పు దిగింది. వేళ్ళు సడలాయి; డాక్టరు వెనక్కి బాల్కనీలోకి పడ్డాడు. ఆకాశం గిర్రున తిరిగింది. చల్లటి నీళ్ళు నడుం దాకా, మెడ దాకా...

పైకి చూశాడు.

రోస్వీటా పిస్టల్ పారేసింది. జుట్టు విరబోసుకుని, కమ్మీ మీంచి సగం బయటికి వాలిపోయి, గొంతు చించుకుని అరుస్తోంది. "ఓట్మార్! ఓట్మార్!" నీళ్ళలోకి దూకేయబోతోంది. అతని కోసం. ఇరవై తొమ్మిదేళ్ళుగా, నన్ను ప్రేమిస్తున్నావా అని అతను అడగని రోజు లేదు, నమ్మిన రోజు లేదు. ఇదిగో, ఆ ప్రేమ కళ్ళెదురుగా ఏడుస్తోంది.

ఓట్మార్ అదేదీ వినలేదు.

ఆమె దూకకుండా వెనక నుంచి పట్టి ఆపుతున్న ఆ చెయ్యినే చూశాడు. ఆమె నడుం మీద వాల్డెమార్ చెయ్యి!

"తియ్యరా... చెయ్యి తియ్..."

నోట్లోకి నీళ్ళు వచ్చేశాయి.