వేళ్ళ సందున నెయ్యి

కెనడా రాజధాని ఒట్టావా నగరంలో మంచు పడటం మానేసి చాలాకాలమైంది. గడ్డకట్టిన కాలువ మీద జారే ముచ్చట తీరక, 2091లో జనం చక్రాల బూట్లు తొడుక్కుని గట్ల మీదే జారుతున్నారు. ఉత్తరాన హడ్సన్ అఖాతం ఒడ్డున మామిడితోటలు లేచాయి. అక్కడి తెల్ల ఎలుగుబంట్లు సీళ్ళ వేట వదిలేసి రసాలకు అలవాటుపడ్డాయి. టెంక చీకి తలెత్తిన ఎలుగుబంటిని చూస్తే, పసుపు రాసుకున్న పేరంటాలు గుర్తొస్తుందని చూసొచ్చినవాళ్ళు చెబుతారు. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు.

అలాంటి తోట ఒకటి డాక్టర్ దోనేపూడి రంగనాయకులు గారు కూడా కొన్నారు. కొన్నారే గానీ కాపురం పెట్టలేదు. భార్య వర్ధనమ్మ గారు ఏటా పెట్టె సర్దడం, ఆయన “ఈ ఒక్క ప్రయోగం కానీ” అనడం, ఆవిడ పెట్టె విప్పడం. ఈసారి మాత్రం ఆవిడ తెగేసి చెప్పారు.

“మీ యంత్రాన్ని పెట్టే ఆ పార్టీ సభ అయిన సాయంత్రమే రైలు. మీరు వస్తే ఇద్దరం, లేకపోతే నేనొక్కదాన్నే. వెళ్ళానంటే మళ్ళీ రాను. వంటా వార్పూ మీరూ మీ యంత్రమూ చూసుకోండి.”

“నీమీదొట్టు, వర్ధనం! ఈ సభే ఆఖరు.”

ఆ యంత్రం పేరు ఆశామాపకం. ఇంగ్లీషులో డిజైర్ మీటర్. దాని పుట్టుక పెళ్ళి పంక్తిలో జరిగింది. ఎదుటి వరసలో ఒక పెద్దమనిషి విస్తట్లో పప్పు మీద అరచెయ్యి అడ్డంపెట్టి “వద్దు, వద్దు” అంటున్నాడు. అంటూనే వేళ్ళు ఎడం చేశాడు. నెయ్యి ఆ సందుల్లోంచి ధారగా దిగి పప్పులో కలిసింది. రంగనాయకులు గారు తినడం మరిచిపోయి, మనసులో ఉండే ఆ వేళ్ళ సందును కొలవలేమా అని ఆలోచనలో పడ్డారు.

నోరు “వద్దు” అనేముందు, రెప్పపాటులో సగం సేపు, మెదడులో ఆశ పుట్టేచోట ఒక నాడీతరంగం లేస్తుంది. న్యూరో వేవ్ అంటారు. మణికట్టుకు పట్టీ కడితే యంత్రం ఆ తరంగాన్ని పట్టి, ముల్లు మీద సున్నా నుంచి నూరుదాకా చూపిస్తుంది.

దాన్ని ముందుగా కావాలన్నది ఉత్తరతార పార్టీ. ఆ పార్టీలో నాయకుడి పటానికి చట్రం కట్టించేలోపే నాయకుడు మారిపోతున్నాడు. కుర్చీ ఎక్కినవాడు వదలడు, ఎక్కనివాడు వదిలిపెట్టడు. అధ్యక్షురాలు జోసెలిన్ బూషార్ విసిగిపోయి కొత్త నిబంధన తెచ్చింది. నాయకత్వం కోరుకోనివారికే నాయకత్వం. పోటీదారు ముమ్మారు “నాకొద్దు” అనాలి. ముల్లు పది దాటితే అనర్హుడు. కెనడా గనుక, ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ వద్దనాలి.

ఇక చూడండి! వద్దనేవాళ్ళు దేశం నలుమూలల నుంచీ పోటెత్తారు. “దయచేసి నాకు ఓటెయ్యకండి” అని గోడలనిండా పోస్టర్లు. వైరాగ్యం నేర్పే కోచింగ్ సెంటర్లు సందుకొకటి.

సభరోజు రానే వచ్చింది. అందరి చెవులకూ అనువాదపు దిద్దులున్నాయి గనుక, ఎవరే భాషలో మాట్లాడినా రంగనాయకులు గారికి కృష్ణాజిల్లా తెలుగే వినబడుతోంది. ముందుగా ఆల్బర్టా నుంచి గోర్డన్ మెక్‌లీష్ పెద్ద టోపీతో వేదికెక్కాడు.

“క్షమించండి. నాకీ పదవి వద్దు.”

ముల్లు తొంభైఆరు.

“యంత్రం పాడైంది!” అని అరిచాడు గోర్డన్.

ఇలాంటివాళ్ళ కోసమే రంగనాయకులు గారు యంత్రానికి ఒక జవాబు నేర్పిపెట్టారు. అది చల్లగా పలికింది: “యంత్రం బాగానే ఉందండీ. తమరొకసారి తమ వేళ్ళు చూసుకోండి.”

యూకాన్ కొండల్లో మౌనవ్రతం పట్టి వచ్చిన ఒకావిడకు ముల్లు నూరు కొట్టి అక్కడే వణికింది. ఆవిడా అదే మాట, యంత్రమూ అదే జవాబు. చివరికి పోటీదారులంతా ఏకమై “పాడు యంత్రం, పారెయ్యండి!” అని బల్లలు చరిచారు. ఆ పార్టీవాళ్ళు ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

రంగనాయకులు గారికి రోషం వచ్చింది. పట్టీ తన చేతికే కట్టుకుని, “నాకీ పదవి వద్దు” అన్నారు. ముల్లు సున్నా దగ్గర మేకు కొట్టినట్టు నిలిచింది.

సభ హోరెత్తింది. జోసెలిన్ పరుగెత్తుకొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. “డాక్టరు గారూ, దొరికారు! మీరే మా నాయకుడు!”

“అమ్మా, నాకు రైలుంది.”

“ఆహా, ఎంత నిస్వార్థం!” అన్నారు జనం.

ఆ దేశపు పార్లమెంటులో కొత్త స్పీకరును ఇష్టంలేనట్టు బిగుసుకుంటుంటే ఇద్దరు పట్టుకుని కుర్చీదాకా లాక్కెళ్ళే ఆచారముంది. ఈయన నిజంగానే బిగుసుకున్నారు, నిజంగానే లాక్కెళ్ళారు. మైకు ముందు రెండోసారి, చెయ్యెత్తి, “వద్దండీ” అన్నారు. చప్పట్లు ఆగలేదు. ముల్లు నాలుగు.

ముందు వరసలో పెట్టె పక్కన కూర్చున్న వర్ధనమ్మ గారు ముల్లును చూశారు. తరవాత మొగుడి చెయ్యి చూశారు. ఏళ్ళ తరబడి ఆ చేతికి నెయ్యి వడ్డించిన మనిషి. అర్థమైపోయింది.

“నాలుగే కదా, పదిలోపే కదా! మూడోసారి కూడా అనేస్తే ఈయన ఇక్కడే, మామిడిపళ్ళు ఎలుగుబంట్లకే” అనుకున్నారు. వెంటనే కుర్చీ ఎక్కి నిలబడ్డారు.

“వదలకండి! మొహమాటస్థుడు, కొసరి కొసరి అడగాలి! ఈయన లేకపోతే ఈ దేశానికి దిక్కెవరండీ?”

జనానికి పూనకం వచ్చింది. “దిక్కెవరు? దిక్కెవరు?” దండలు పడ్డాయి. ఎవరో ఆయన్ని భుజాల మీదికెత్తారు. పైనుంచి చూస్తే సభంతా ఎంతో అందంగా కనిపించింది. కుర్చీ కూడా.

“అబ్బే, వద్దు... నాకెందుకండీ...” అన్నారాయన మూడోసారి, నవ్వు ఆపుకుంటూ.

ముల్లు గిర్రున తిరిగి తొంభైఎనిమిది దగ్గర ఆగింది. గంట మోగింది. జోసెలిన్ నీరుగారి “అనర్హులు” అంది. భుజాలు దింపేశాయి.

రంగనాయకులు గారు ముల్లు వంక చూశారు. గాజుపలక మీద వేలితో తట్టారు. మళ్ళీ చూశారు.

“యంత్రం పాడైంది” అన్నారు.

“యంత్రం బాగానే ఉందండీ” అంది యంత్రం, ఆయన నేర్పిన గొంతుతోనే. “తమరొకసారి తమ వేళ్ళు చూసుకోండి.”

చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. తలెత్తి చూసుకున్నారు. అయిదు వేళ్ళూ బార్లా విచ్చుకుని ఉన్నాయి.

“ఇక దింపండి,” అన్నారు వర్ధనమ్మ గారు, ఆ చేతికి పెట్టె అందిస్తూ. “రైలు టైమైంది.”