గొడుగుల గదిలో చదివే అబ్బాయి

“ఇష్టంగా చేసే పని అసలు పనే కాదు,” అని అతను పుస్తకంలోంచి చదివాడు.

“అయితే జీతం కూడా అసలు జీతమే కాదన్నమాట,” అంది ఆమె, సూది మీంచి చూపు తిప్పకుండానే.

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. అతను తలెత్తి ఆమెను ఒక్క క్షణం చూసి, మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అది గొడుగులు తయారుచేసే చోటు. పొద్దున్నంతా మెషీన్ల మోత. భోజనాలయ్యాక మెషీన్లు ఆపేసి, గుడ్డను చువ్వల కొసలకు చేత్తో కుట్టేవారు. చప్పుడు లేని పని, తెగని పని. ఆ వేళకే యజమాని మేనల్లుడు కుర్చీ లాక్కుని కూర్చుని, పనిలో సంతోషం ఎలా దొరుకుతుందో చెప్పే పుస్తకాలు చదివేవాడు. తమ చేత ఇంకో నాలుగు గొడుగులు ఎక్కువ కుట్టించడానికి యజమాని వేసిన ఎత్తే ఇదంతా అని ఆమె గట్టి నమ్మకం. అందుకే మాటకు మాట అప్పజెప్పేది. పక్కన కూర్చున్న పిన్ని మోచేత్తో పొడిచినా ఊరుకునేది కాదు.

ఒకరోజు వాన దంచి కొడుతోంది. అతను కిటికీ తలుపులు వేసి వచ్చి, ఎవరి పనిని చూసి వాళ్ళు గర్వపడాలనే పేజీ తీశాడు.

“మా పని సంగతి సరే. ఇంతకీ మీ పనేమిటండీ? మావయ్యగారి కుర్చీలో కూర్చోవడమా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను పుస్తకం మూసి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

పిన్నికి అక్షరం ముక్క రాదు. ఆ పుస్తకాలు చెప్పేదాంట్లో సగం ఒప్పుకునేది కాదు గానీ, ఇంటికెళ్ళాక వాటి మీదే బాబాయితో వాదులాడేది. ఇప్పుడు వాదించడానికి ఏమీ లేక ఊరికే విసుక్కుంటోంది.

“మనల్నీ మనుషులనుకుని చదివి వినిపించినవాడు ఒక్కడు దొరికాడు. వాణ్ణీ తరిమేశావు. వెళ్ళి నువ్వే తీసుకురా,” అంది.

ఆమె ముందుగదిలోకి వెళ్ళి, మేనల్లుణ్ణి మళ్ళీ పంపమని యజమానిని అడిగింది. ఆయన తెల్లబోయాడు. తాను పంపడమేమిటి, పని చెడుతుందని వద్దంటే, సాయంత్రం ప్యాకింగ్ అంతా ఒక్కడే చేస్తానని ఒప్పించి మరీ వాడు ఆ గంట తీసుకున్నాడన్నాడు. వాడి తల్లి, అంటే ఆయన అక్క, ఒకప్పుడు ఆ బల్ల దగ్గరే కొసలు కుట్టేదట. చదువు రాని ఆవిడకు చిన్నప్పటి నుంచీ వాడే చదివి వినిపించేవాడట. మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా గడుస్తాయో ఆవిడ చెబితేనే వాడికి తెలిసిందట.

ఆమె నాలిక్కరుచుకుంది.

ప్యాకింగ్ గదిలో అతను గొడుగులకు కాగితం చుడుతున్నాడు. ఆమె వచ్చిన అలికిడి విన్నా చేతులు ఆపలేదు.

“తప్పు నాదే. రేపు రండి,” అంది.

“నేను చదివేది మీకు నచ్చదుగా.”

“పుస్తకం నచ్చలేదు. మీరు చదవడం నచ్చింది.”

“నచ్చితే రోజూ ఎందుకు అడ్డొచ్చేవారు?”

ఆమె ఓ గొడుగు అందుకుని, అప్పటికే చుట్టి ఉన్నదానికి ఇంకో కాగితం చుట్టింది.

“అడ్డొస్తేనేగా మీరు తలెత్తి ఇటు చూసేది.”

అతని చేతిలోని గొడుగు జారిపడి టప్పున విచ్చుకుంది. దాన్ని మూయడం అతని వల్ల కాలేదు. ఆమే మూసి చేతికిచ్చింది.

“రేపు అమ్మను కూడా తీసుకొస్తాను,” అన్నాడు అతను, గొడుగుతో చెబుతున్నట్టు.

మర్నాడు ఆవిడ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే బల్ల దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. తను కుట్టే ముందు ఆ అమ్మాయి వేసిన కుట్టును పట్టి లాగి చూసింది. అది కదల్లేదు. ఆవిడ తల పంకించింది.

అతను చదువుతున్నాడు. ఆ రోజు ఆమె ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. అయినా అతని చూపు ఊరుకోలేదు.

“చదివిన ముక్కే మళ్ళీ చదువుతున్నావురా,” అంది తల్లి. బల్లంతా గొల్లున నవ్వింది.

నవ్వులు సద్దుమణిగాక ఆవిడ ఆమె వైపు వంగింది.

“మీ నాన్నగారిని కలవడానికి వస్తామమ్మా. అబ్బాయి ఏం చేస్తాడని ఆయన అడిగితే ఏం చెప్పను?”

ఆమె వెన్ను నిటారుగా పెట్టి, గదిలో అందరికీ వినిపించేలా అంది.

“మా బల్ల దగ్గర పనిచేస్తారని చెప్పండి, అత్తయ్యా.”