ఏలూరు కొసరు

ప్రమాణ కుటుంబానికి మంగళవారం వంకాయ. నాయనమ్మకి పళ్ళు కదులుతున్నాయి కాబట్టి లేతవే కావాలి. వకుళ బుట్టలోంచి ఒక్కొక్క కాయే తీసి, తొడిమ దగ్గర నొక్కి చూసి, తక్కెడలో వేస్తోంది. కొన్నదంతా చూసి లెక్క రాసే భుజం మీది తూకపుకన్ను ఆమె చెయ్యి ఎటు కదిలితే అటు తిరుగుతోంది. సరిగ్గా ఇదే వేళకి విశాఖలో, ఒంగోలులో, కర్నూలులో, అనంతపురంలో ఇంకెవరో ఇలాగే వంకాయల ముందు కూర్చుని ఉంటారు. అందరూ కొనేది ఒకే కుటుంబానికి. నాన్న, అమ్మ, బడికెళ్ళే పిల్ల, నాయనమ్మ. ఆ నలుగురూ ఎక్కడా లేరు. లేనివాళ్ళకి రోజూ సంత చేసిపెట్టి జీతం తీసుకోవడమేమిటని ఉద్యోగంలో చేరిన కొత్తలో వకుళకి నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

లేని కుటుంబానికి తిండి పట్టింపులు మాత్రం దండిగా ఉన్నాయి. గురువారం కొరమీను తినాలి. ఏలూరుకి కొల్లేటి నుంచి కొరమీను బతికుండగానే వస్తుంది. అనంతపురంలో అదే కొరమీను కోసం అక్కడ వకుళ పనే చేసే తూకందారు ఊరంతా తిరిగి, చివరికి మంచుపెట్టెలో వచ్చినదాన్ని బంగారం ధర పెట్టి కొంటాడు. దాంతో అనంతపురం బతకడానికి మహా ఖరీదైన ఊరని తేలుతుంది. మా ఊరివాళ్ళు గురువారం చేప కోసం ఏడవడం లేదు, నన్ను తిప్పకండి మహాప్రభో అని అతను ప్రతి ఋతువులోనూ తూకాల శాఖకి రాస్తాడు. ప్రమాణం అందరికీ ఒకటేనని శాఖ ప్రతి ఋతువులోనూ జవాబిస్తుంది.

సరితూకం చట్టం వచ్చాక రాష్ట్రంలో ఏ ఊళ్ళో బతికినా ఒకటే ఖర్చు. వినడానికి బాగానే ఉంటుంది. ఒక ఊళ్ళో కూరలూ బస్సులూ మంచినీళ్ళూ చవకైతే ఆ మేరకి అక్కడ ఇంటి గోడ మీద వెలిగే అద్దె, అంటే గోడవెల పెరుగుతుంది, ఖరీదైతే తగ్గుతుంది. కూరల్లో మిగిలింది గోడలు తింటున్నాయని జనం ఒక్కమాటలో తేల్చేశారు. అందుకే కిటికీ తెరిస్తే సముద్రం కనబడే విశాఖ ఇంటికంటే, కిటికీ తెరిస్తే తమ్మిలేటి దోమలొచ్చే ఏలూరు ఇంటికి గోడవెల ఎక్కువ. ఇదేం విడ్డూరమని ఎవరినడిగినా లెక్క సరిగానే ఉందంటారు. లెక్క సరిగానే ఉంది. ఒళ్ళు మండేది అందుకే.

ఏలూరుకి ఇంత చేటు తెచ్చింది కొరమీను కాదు, కొసరు. కొన్ని ఋతువుల కిందట తూకపుకన్నుకి కొత్త చూపు అమర్చారు. డబ్బివ్వకుండా సంచిలో పడినదాన్ని కూడా అది పట్టేస్తుంది. శాఖవాళ్ళు దానికి వెలలేని రాబడి అని పేరు పెట్టారు. కూరలు కొన్నాక అమ్మే మనిషి గుప్పెడు కరివేపాకు పైన పడేస్తే, ఆ గుప్పెడూ కుటుంబానికి ఊరికే వచ్చినట్టు. అంటే ఏలూరులో బతుకు ఇంకా చవకన్నమాట. విశాఖలో కూరలు పెట్టె తలుపు తెరిస్తే తూకం ప్రకారం వస్తాయి. పెట్టెకి కొసరు వెయ్యడం తెలియదు. అక్కడి గోడలు చల్లగా ఉన్నాయి.

ఏడాదికోసారి చీటీ తీసి ఊరికొక ప్రమాణ దుకాణాన్ని ఎంచుతారు. ఆ దుకాణంలో జరిగినదే ఊరంతా జరిగినట్టు లెక్క. ఈ ఏడు చీటీ తమ్మిలేటి గట్టు బజారులోని వెంకాయమ్మకి వచ్చింది. ఇంతకంటే చెడ్డ చీటీ ఏలూరుకి రాదు. ఆవిడ దగ్గర కూర కొని వట్టి కూరతో ఇంటికెళ్ళినవాళ్ళు లేరు. పావుకిలో బెండకాయలకి రెండు పచ్చిమిరపకాయలు, ఆకుకూర కొంటే ఇంకో చిన్న కట్ట, ఏమీ కొనకుండా పలకరించినవాళ్ళకి కూడా ఒక రెబ్బ కొత్తిమీర. ఆవిడ గుప్పెడు మూసినప్పుడల్లా ఊళ్ళో గోడలన్నీ ఒక మెట్టు ఎక్కుతున్నాయి. వకుళ ఇంటి గోడ కూడా.

అందరికంటే ముందు మునిగేది వెంకాయమ్మే. గట్టు వెనక ఒంటిగది ఇంట్లో ఉంటుంది. ఆవిడ సంపాదనకి అక్కడి గోడవెల ఇప్పటికే అంచు మీదుంది. ఇంకొక్క మెట్టెక్కితే స్థానచలనం, అంటే ఊరు వదిలి పోవడమే. తాహతుకి తగిన ఊరని గోడ మీద అప్పుడే చూపిస్తోంది, ఆదోని అని. అక్కడ ఆవిడకి గది ఇస్తారు, తక్కెడ ఇస్తారు. పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషినీ ఇవ్వలేరు. ముప్పొద్దులా మనుషులతో మాట్లాడితే తప్ప అన్నం సయించని మనిషి అక్కడ ఏమైపోతుందో వకుళకి తలుచుకోవాలంటేనే భయం.

ఈ ఋతువుకి ఇది ఆఖరి సంత. ఊరి అంకె ఈ రోజే ఖాయమవుతుంది. వకుళ రాగానే తూకపుకన్ను తెరవకముందే వెంకాయమ్మ ముందు కూర్చుని ఇవాళ కొసరు వెయ్యొద్దని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. చెప్పి చెప్పి ఆమెకి నోరు నొప్పెట్టింది. పక్క కొట్టు టమాటాల రాంబాబు దణ్ణం పెట్టాడు. ఎదుటి చేపలామె, ఇవాళొక్కరోజూ చెయ్యి కట్టేసుకో వదినా, నా కొంపా నీ కొంపా ఒకటే వరసలో ఉన్నాయి అంది. వెంకాయమ్మ అందరికీ అలాగేనంది. అన్నమాట ప్రకారం కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

వంకాయలు ఎడంచేత్తోనే తూచింది. అల్లం ఎడంచేత్తోనే ఇచ్చింది. వకుళ డబ్బిచ్చింది, సంచి మూతి ముడేసింది, లేచింది. బజారంతా బేరాలాపి చూస్తోంది. ఆమె పట్టుమని పది అడుగులు వెయ్యలేదు.

"అమ్మాయిగారూ, ఆగండి."

ఆగకుండా వెళ్ళిపోవలసింది. పిలిస్తే ఆగడం వకుళకి అలవాటు. వెనక్కి తిరిగేసరికి వెంకాయమ్మ దగ్గరకొచ్చేసి, ముడి సందులోంచి కరివేపాకు దూర్చేసింది. దాంతోపాటు రెండు పచ్చిమిరపకాయలు కూడా.

తూకపుకన్ను చిన్నగా మోగింది. వెలలేని రాబడి నమోదైంది. రాంబాబు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. చేపలామె కత్తిపీట పక్కకి నెట్టి, వెంకాయమ్మ వంశాన్నంతా పేరుపేరునా తలుచుకుంది.

వకుళకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. కొరివితో తల గోక్కుంటున్నావని అరిచింది. ఆకు తీసి తిరిగివ్వబోతే, పడినది పడినట్టేనని కన్ను చెప్పింది. సరే, డబ్బు తీసుకో, కొన్నట్టవుతుందని నోటు చేతిలో పెట్టబోయింది. వెంకాయమ్మ వెనక్కి జరిగింది. కొసరుకి డబ్బు తీసుకున్నానని తెలిస్తే రేపు బజారులో తలెత్తుకోలేనంది. ఆదోనిలో ఎత్తుకుందువుగాని అని వకుళ అనేసి, అన్నందుకు వెంటనే బాధపడింది.

విశాఖ నుంచి ప్రభాత్‌గారు ఫోను చేశారు. కోస్తా ఊళ్ళ అంకెలన్నిటికీ ఆయన పై అధికారి. ఏలూరు అంకె ఖాయమైందని చూశాననీ, సాయంత్రానికి స్థానచలనాల చిట్టా వస్తుందనీ చెప్పారు. గొంతులో జాలి ఉంది, తొందర కూడా ఉంది. మీ ఊరివాళ్ళకి చేతులు కట్టుకోవడం నేర్పించలేకపోయారా అని అడిగారు. వకుళ ఆయన్ని ఫోనులో అలాగే ఉంచి, వెంకాయమ్మ వైపు తిరిగింది.

"పిన్నీ, ఇల్లు పోతుందని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసండి."

"తెలిసి ఎందుకిచ్చావు?"

వెంకాయమ్మ నిజంగానే ఆలోచించింది. ఆవిడ మొహంలో తప్పు చేసినట్టు కూడా ఉంది.

"మానేద్దామనే కూచున్నానండి. పొద్దున్నించీ చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. మీరలా వట్టి కూరతో వెళ్ళిపోతా ఉంటే, అమ్మినట్టు లేదండి, మీ దగ్గర లాక్కున్నట్టుంది. నా వల్ల కాలేదండి."

వకుళ ఆ మాట దగ్గర ఆగిపోయింది. తూకందార్ల శిక్షణలో మొదటి రోజునే వల్లె వేయించే సూత్రం ఒకటుంది. ఇల్లు పోతుందని తెలిసినా మానలేని ఖర్చే అవసరపు ఖర్చు. ఆ సూత్రం ప్రకారమే నాయనమ్మ మందుబిళ్ళలు జాబితాలో ఉండిపోయాయి, తమలపాకులు కొట్టుడుపోయాయి. కరివేపాకు సంచిలో పడినవాళ్ళకి రాబడి అయితే, వేసినవాళ్ళకి ఏమిటి, ఖర్చు కాదా? సంచి మోసే కుటుంబం ఎక్కడా లేదు. వేసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ లేనివాళ్ళకొచ్చింది రాసి, ఉన్నవాళ్ళు ఇచ్చింది వదిలేశామా అని ఆమెకి తన మీద తనకే చిరాకు పుట్టింది.

భుజం మీంచి తూకపుకన్ను ఊడదీసి, వెంకాయమ్మకి ఎదురుగా పట్టుకుంది. ఈవిడ కుటుంబం ఖర్చు కూడా రాయమంది. ప్రమాణ దుకాణదారు కూడా ఊరి మనిషే కాబట్టి కన్ను ఒప్పుకుంది. కరివేపాకు, పచ్చిమిర్చి, ఇచ్చినది వెంకాయమ్మ అని నమోదు చేసుకుని, ఒకే ఒక్కటి అడిగింది. ఈ ఖర్చు అవసరమా, ఐచ్ఛికమా?

ఫోనులో ప్రభాత్‌గారికి అది వినబడింది. "వకుళగారూ, ఐచ్ఛికమనండి. అవసరమంటే ఊరంతా ఇచ్చే కొసరు ఖర్చు కింద పడుతుంది. కన్ను పాత ఋతువుల లెక్కలు కూడా తిరగదోడుతుంది. మీ ఉద్యోగం మాట చూసుకోండి."

ఆయన చెప్పింది నిజమే. ఉద్యోగం పోతే ఆమె గోడ కూడా ఆదోని అంటుందో, ఇంకే ఊరి పేరు చెబుతుందో. తన వంటగది కిటికీ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలింది.

"అవసరం," అంది వకుళ.

తూకపుకన్ను ఆ మాట నమోదు చేసుకుంది. తరవాత ఊరి అంకె చెరిగిపోయి, ఆ చోట ఏమీ లేకుండా పోయింది. గట్టు వెనక ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒకరొకరే బయటికొచ్చి, గోడ మీద గోడవెల మాయమైందనీ, ఆదోని పేరు కూడా పోయిందనీ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. కన్ను ఆగిందో, ఆలోచిస్తోందో తెలియదు. తిరిగి అంకె వచ్చేసరికి ఎంతుంటుందో అంతకన్నా తెలియదు. ఈ సాయంత్రం మాత్రం చిట్టా రాదు.

ప్రభాత్‌గారు మళ్ళీ మాట్లాడేసరికి ఆయన గొంతు మారిపోయింది. ప్రతి ఊరికీ ఇప్పుడొక ప్రశ్న వెళ్ళిందట, మీ ఊరివాళ్ళు దేన్ని ఇవ్వకుండా ఉండలేరని. అనంతపురం తూకందారు ఇన్నాళ్ళ కసి తీరేలా జవాబు పంపేశాడు, గడప తొక్కినవాడికల్లా చెంబెడు మజ్జిగ అని. ఒంగోలు, కర్నూలు రాస్తూనే ఉన్నాయి. విశాఖ ఒక్కటే మిగిలింది. ఆ ప్రశ్న ఆయన ఇంటి గోడ మీద కూడా వచ్చి కూర్చుంది.

"ఏం రాయమంటారు?" అని ఆయన అడిగారు. ఈసారి అధికారిలా అడగలేదు.

వకుళకి జాలేసింది. మీ వీధిలో ఎవరినైనా అడగండని, ఫోను పెట్టేసింది.

వెంకాయమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది, చీవాట్లకి సిద్ధపడ్డట్టు తల వంచుకుని. కుడిచెయ్యి మళ్ళీ చీర చెంగులో దాచుకుంది. వకుళ సంచి దించి, ముడి విప్పి, మూతి రెండు చేతులతో బార్లా తెరిచి పట్టుకుంది.

"ఏంటి పిన్నీ, మరీ రెండు మిరపకాయలేనా? ఇంకో రెండు వెయ్యి."