గడీలో లచ్చవ్వ

ఆదివారం పొద్దున జొన్నరొట్టెలు కాలుస్తూ కౌసల్య వాకిట్లోకి చూసింది. తోడికోడలు నిషిత, అత్త నర్సింహమ్మకు తల దువ్వి కొప్పు పెడుతోంది.

"అత్తమ్మా, ఇయ్యాల రుద్రారం నుంచి కాలేజీ పిల్లలొస్తున్నరు. గడీ దయ్యం కథ జెర భయం పుట్టేటట్టు చెప్పాలె," అంది నిషిత.

"చెప్తలే బిడ్డా. ఎర్రంచు చీర కట్టుకోనా?"

హత్నూర దాటాక ఉన్న వాళ్ళ ఊళ్ళో, ఒకప్పటి దొర ఉన్న కోటలాంటి ఇల్లు, పాడుబడ్డ గడీ ఒకటుంది. దాని మేడ మీద దొరసాని దయ్యమై తిరుగుతోందని ఊరంతా చెప్పుకుంటారు. కొత్తగా కాపురానికొచ్చిన నిషిత, అత్తతో ఆ కథ చెప్పించి ఫోన్‌లో వీడియో తీసి నెట్‌లో పెట్టింది. అది చూసి సంగారెడ్డి, పటాన్‌చెరు నుంచి జనం రావడం మొదలైంది. నర్సింహమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

కౌసల్య రొట్టెను పెనం మీద గట్టిగా అదిమింది. అత్తకు మోకాళ్ళు పట్టేస్తే కాపడం పెట్టేది తను. ఆ ఎర్రంచు చీర కొన్నదీ తనే. అయినా అత్త నోట పొద్దస్తమానం నిషిత పేరే.

"రొట్టెలు సల్లారిపోతున్నయ్," అంది విసురుగా.

"ఆడ పెట్టు, తింటలే," అంది అత్త, ఇటు తిరగకుండానే.

మధ్యాహ్నం గడీ ముందున్న పాత బావి దగ్గర పిల్లలు గుంపుగా కూర్చున్నారు. కౌసల్య మంచినీళ్ళ బిందె తెచ్చి పక్కన నిలబడింది. కథ అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. నర్సింహమ్మ మురిసిపోతూ నిషిత తల మీద చెయ్యి వేసింది.

"నా చిన్న కోడలే లేకుంటే ఈ కథ గిట్లనే మన్నుల కలిసిపోతుండె. నా మనసు తెలిసిన పిల్ల."

ఆ మాటతో కౌసల్యకు ఒళ్ళు తెలియలేదు.

"అంతా అబద్ధం!" అని అరిచింది. "దొరసాని లేదు, దయ్యం లేదు. గీ బాయిల దుంకి సచ్చింది మా అత్తమ్మ పెద్దమ్మ, లచ్చవ్వ! గడీల వెట్టికి పోతే దొర ఆమె బతుకు పాడు చేసిండు. గా సంగతి బయట పడొద్దనే దొరసాని కథ చెప్తున్నరు!"

పిల్లల చేతుల్లో ఫోన్లు అలాగే ఉండిపోయాయి. నర్సింహమ్మ మొహం పాలిపోయింది. ఎవరి ఆసరా తీసుకోకుండా లేచి, కుంటుకుంటూ ఇంటిదారి పట్టింది.

కౌసల్య వెనకాలే ఇంటికి వచ్చింది. అత్త మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తోంది.

"చిన్నదాన్నే నెత్తిన పెట్టుకున్నవ్. నేనేం తక్కువ చేసిన అత్తమ్మా?"

"దానికి చెప్పింది ఊరందరికీ తెలిసిన కథ," అంది నర్సింహమ్మ మెల్లగా. "లచ్చవ్వ ముచ్చట మా అమ్మ సావబోయే ముందు నాకు చెప్పింది. మీ మామకు చెప్పలె, నా కొడుకులకు చెప్పలె. నీకొక్కదానికే చెప్పిన. ఎందుకనుకున్నవ్?"

కౌసల్యకు గుర్తొచ్చింది. తొలి కడుపు పోయి, అన్నం ముట్టకుండా పడుకున్న రోజుల్లో అత్త పక్కన కూర్చుని చెప్పిన సంగతి అది. పొద్దుపోవడానికి చెబుతోందనుకుంది. ఆమె తన గుండె విప్పి చూపిస్తోందని ఈ క్షణం దాకా తెలియలేదు. తనకొక్కదానికే ఇచ్చినదాన్ని తనే నలుగురిలోకి విసిరేసింది.

"తప్పయింది అత్తమ్మా," అంటూ ఆమె కాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

నిషిత ఆయాసపడుతూ వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "పిల్లలందరి ఫోన్లల్ల నీ మాటలు తీసేయించిన. నాకీ సంగతి తెల్వదక్కా. తెలిసుంటే ఆ కథే అడగకపోతుంటి."

నర్సింహమ్మ పెద్ద కోడలి కన్నీళ్ళు కొంగుతో తుడిచింది. "ఇగ దాసేదేముంది? దానికి గూడ తెల్వాలె. నాకు నోరొస్తలేదు, నువ్వే చెప్పు కౌసల్యా."

కౌసల్య లేచి మంచం మీద కూర్చుని, నిషితను చెయ్యిపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"లచ్చవ్వ మస్తు పాటలు పాడేదంట..."

"పాటలు గాదు బిడ్డా," అంది నర్సింహమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఈల ఏసేది. మా తాత ఎంత తిట్టినా ఆపకపోయేది."