పేలుడు రాత్రి తీసిన కాపీ

ధన్!

సర్వర్ గది తలుపు అదురుతుంది. రైఖాన్ బీరువాను తలుపుకి ఇంకా గట్టిగా నొక్కుతుంది.

స్క్రీన్ మీద రిస్టోర్... 71 శాతం.

"తియ్యవే తలుపు!" గని డైరెక్టర్ జుమగులోవ్ అరుపు.

"తియ్యను!"

టైమ్ రెండూ ఇరవై. మూడింటికి కరగందా కోర్టులో తమ్ముడు కువానిష్‌కి శిక్ష. డ్యూటీలో ఉండి, గ్యాస్ అలారం మోగుతుంటే నిద్రపోయాడట! గనిలో పేలుడుకి పోయిన పదకొండు మందిని తనే చంపాడట!

పచ్చి అబద్ధం. అలారం మోగనే లేదు. దాన్ని ఆపిందెవరో డేటాబేస్‌లో ఉండేది. మర్నాటికల్లా చెరిపేశారు. బ్యాకప్‌లూ తుడిచేశారు... దొంగ వెధవలు!

ఒక్కటి మిగిలింది. తీసిన బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో లేదో చూడ్డానికి గని డేటాబేస్ నడిపే రైఖాన్ వారం వారం ఒక కాపీ ఈ గదిలోనే విడి డిస్కులో పెట్టుకుంటుంది. ఆ వారం కాపీ పేలుడు రాత్రిది. "వేసిన తాళాన్ని పదిసార్లు లాగి చూసే ముసలమ్మ" అని ఆరేళ్లు నవ్వింది ఈ జుమగులోవే! పేలుడైన దగ్గర్నించీ ఆమెని సర్వర్ గది గడప తొక్కనివ్వలేదు. ఈ రోజు మంచు తుఫానుకి కాపలా సడలింది.

88...

"నీ పెళ్లి విందుకి గుర్రాన్ని కోయించానే! విశ్వాసం లేదా?"

"పదకొండు మంది దినాలకీ కోయించారుగా... తిన్నది అరిగిందా?"

ధన్! బీరువా పక్కకి పడుతుంది. జుమగులోవ్ చేతిలో పిస్టల్!

"డిస్క్!"

100.

ఆమె డిస్క్ పీకి అతని కాళ్ల ముందు విసిరేస్తుంది. అతను బూటు మడమతో నలిపేస్తాడు.

"ఇక నీ తమ్ముణ్ణి దేవుడే కాపాడాలి."

సైరన్!

గనంతా దద్దరిల్లుతుంది. కాపీ తెరిచి చూసే టెస్ట్‌కి ముందు సైరన్ తీగ పీకెయ్యాలి. లేదంటే పాత రీడింగులు ఇప్పటివే అనుకుని కూస్తుంది. రైఖాన్ కావాలనే పీకలేదు. డిస్క్ నలిగినా, అందులోదంతా అప్పటికే సర్వర్‌లోకి ఎక్కేసింది.

ఆమె స్క్రీన్ మీద ఉన్నదే కింది హాల్లో పెద్ద బోర్డు మీదా కనిపిస్తుంది. షిఫ్టుకి దిగబోయే రెండు వందల మంది ముందు...

మీథేన్ 4.8 శాతం. అలారం ఆపిన కార్డు: జుమగులోవ్.

"ఆపు దాన్ని! ఆపు!"

"ఆ రోజు ఆపింది మీరే కదా? మళ్లీ ఆపండి!"

మెట్ల మీద బూట్ల చప్పుడు. జుమగులోవ్ తలుపు వైపు పిస్టల్ తిప్పుతాడు.

ముందు నిలబడ్డవాడు ముసలి ఓరల్‌బెక్. పేలుడులో ఇద్దరు కొడుకులూ పోయారు. వెనక మెట్లన్నీ జనమే.

"అది కింద పెట్టు," అంటాడు ఓరల్‌బెక్. "మూడింటికి కోర్టు. నువ్వూ వస్తున్నావు."