అమ్మ కొనుక్కున్న వాచీ

పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టు వీపు మీద ఆరబోసుకుని, ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్ళో మెత్తటి గుడ్డ, గుడ్డ మీద వాచీ. జపాన్‌లో తయారైంది. బ్యాటరీ లేదు, రోజూ కీ ఇవ్వాలి. తిప్పుతుంటే లోపల ఏదో మెల్లగా బిగుసుకోవడం వేళ్ళకి తెలుస్తుంది. పాలమీగడ లాంటి డయల్ మీద నీలం రంగు సెకన్ల ముల్లు, నీళ్ళ మీద ఆకులా సాగిపోతుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కళ్లద్దాల కొట్టు వెనక గదిలో అద్దాలకి సాన పట్టింది ఆమె. నునుపంటే ఏమిటో ఆ చేతులకి తెలుసు. వాచీ అంచుని వెలుగుకి పడితే కిటికీ ఊచలు అందులో వంకర లేకుండా కనిపించాయి. ఎక్కడో ఎవరో ఒక మనిషి ఊపిరి బిగబట్టి దీన్ని అరగదీసి ఉంటాడు. ఆ మనిషి తనకెప్పటి నుంచో తెలుసనిపించింది. పని మానేసిన వారానికే, ఎవరికీ చెప్పకుండా, తన కోసం కొనుక్కుంది.

కొడుకు టై బిగించుకుంటూ వచ్చాడు. ఆరోజే ఆఫీసులో మేనేజరు కుర్చీలో కూర్చోబోతున్నాడు.

"ఇదేంటమ్మా, నాకా?" అంటూ తీసి చేతికి పెట్టుకున్నాడు. "నా మనసులో మాట నీకెలా తెలిసిపోతుందో."

ఆమె నోరు తెరిచింది. "బాగుందిరా," అంది. అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

అప్పట్నుంచి సాయంత్రం అతను ఇంటికి రాగానే "ఏదీ, ఒకసారి ఇటివ్వు" అని అడిగేది. కీ ఇచ్చి, తుడిచి, కాసేపు చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. కోడలు కూర తరుగుతూ ఇదంతా చూసేది.

మూడో వారంలో ఒక సాయంత్రం వాచీ అంచు మీద గీత కనిపించింది.

"కారు తలుపుకి తగిలిందిలే. చిన్న గీతేగా," అని కొడుకు చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు.

"ఇది నాదిరా," అంది.

"అంటే?"

"నా కోసం కొనుక్కున్నాను. ఆరోజు నువ్వు నా జవాబు కోసం ఆగలేదు. నేనూ చెప్పలేకపోయాను."

అతను నవ్వబోయి ఆగాడు. "మగవాళ్ళ వాచీ నీకెందుకమ్మా? కావాలంటే చిన్నది, బంగారు రంగుది తెచ్చిపెడతాను. మా అమ్మ ఇచ్చిందని ఆఫీసంతా చెప్పుకున్నాను. ఇప్పుడు తీసేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మీ మొహానికేం, ఎక్కడ పెట్టినా బానే ఉంటుంది," అంది కోడలు వంటింటి గుమ్మంలోంచి. "ఈ ఇంట్లో అత్తయ్యది అని ఒక్క వస్తువు చూపించండి, చూద్దాం."

"నువ్వు మధ్యలో దూరకు."

"దూరనీ," అంది తల్లి. గొంతు పెంచలేదు. "నీ చదువుకిచ్చాను, పెళ్ళికిచ్చాను, నా గది నీ కూతురికిచ్చాను. ఇష్టంగానే ఇచ్చానురా. ఇది మాత్రం ఇవ్వాలని లేదు. ఆ మాట అనడానికి ఇన్ని రోజులు పట్టింది నాకు."

అతను జవాబు కోసం ఇల్లంతా చూశాడు. తల్లి మంచం హాల్లో ఓ మూల. ఆమె బట్టలు అతని కోట్ల కింద సగం అరలో. నిజంగానే వెతికాడు. ఏమీ దొరకలేదు.

వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. "రోజూ ఏం చూస్తావమ్మా ఇందులో?"

ఆమె వాచీ తిరగేసింది. వెనకవైపు అద్దం. లోపల గోరంత చక్రం ఒకటి అటూ ఇటూ ఊగుతోంది, నిద్రపోతున్న పసిపాప గుండెలా. ఇన్నాళ్ళూ చేతికి పెట్టుకుని తిరిగాడు గానీ, ఒక్కసారీ తిరగేసి చూడలేదు.

అతనే వాచీ ఆమెకి పెట్టబోయాడు. చివరి బెజ్జానికి బిగించినా గాజులా మోచేతి వైపు జారింది. అమ్మ మణికట్టు ఇంత సన్నబడిందని అతనికి అప్పుడే తెలిసింది. వాచీ తీసుకుని లేచి వెళ్ళి, వీధి చివర చెప్పులు కుట్టే అతని చేత పట్టీకి ఇంకో రెండు బెజ్జాలు వేయించుకొచ్చాడు.

ఈసారి సరిగ్గా నిలిచింది. ఆమె టైము చూసుకుని, చెప్పులేసుకుంది.

"ఎక్కడికత్తయ్యా?" అంది కోడలు.

"పనేం లేదు. ఊరికే."

"నేనూ రానా అమ్మా?" అన్నాడు కొడుకు.

"రేపు రా. ఇవాళ నేనొక్కదాన్నే వెళ్తాను," అని ఆమె అతని చెంప నిమిరింది. అరచేతికి తడి తగిలింది.

సంధ్య వెలుగులో ఆమె నడుస్తూ పోయింది, తొందర లేకుండా, ఇంటికి ఎప్పుడొస్తుందో ఎవరికీ చెప్పకుండా.