మైకు విన్న వాంగ్మూలం

స్టెనో ముప్పై ఏళ్లుగా కోర్టులో ఇతరుల మాటలు రాసిన మనిషి. మొన్న మెట్ల మీద జారి రెండు మణికట్లూ విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన మాటలు రాయడానికి ఇంకొకరు కావలసి వచ్చారు. మధ్యాహ్నం మూడింటికి కోడలు కంప్యూటర్లో, చెప్పింది విని రాసే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది.

"ముందు మీ గొంతు దానికి అలవాటు చెయ్యాలి మామయ్యా. ఫ్యాను కట్టేసి, తలుపేసుకుని ఓ పది నిమిషాలు ఈ పాఠం చదవండి. మామూలుగా మాట్లాడినట్టే చదవండి."

"అలాగేనమ్మా. కాఫీ మాత్రం మరిచిపోకు."

కాఫీ మాట కూడా తెర మీద అక్షరాలై పడింది. కోడలు నవ్వుకుంటూ తలుపు దగ్గరికేసి వెళ్లింది. ఆయన మోచేత్తో లోపలి గడియ తోశాడు.

ఆయనకి నవ్వే తీరిక లేదు. ఒక గోదాములో మంటలు రేగిన రోజు బయటి నుంచి ఎవరో తాళం వేశారు. లోపల కాలిపోయిన కూలీ చనిపోయే ముందు చెప్పింది ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని రాసుకున్నది ఈయనే. ఆ షార్ట్‌హ్యాండ్ గీతలు ఈయనకి తప్ప బ్రహ్మదేవుడికి కూడా అర్థం కావు. ఐదింటిలోగా కోర్టుకి పంపకపోతే, తాళం వేశాడని పట్టుబడినవాడు ఈ సాయంత్రమే బయటికొస్తాడు. అలా జరగనివ్వనని పోయినవాడి తల్లికి మాటిచ్చాడు.

టైము కలిసొస్తుందని పాఠం పక్కనపెట్టి వాంగ్మూలమే చదివాడు. సాక్షి ఎలా చెబితే అలాగే చదివి వినిపించడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఆగి ఆగి, ఊపిరందని ఆ కూలీ గొంతుతోనే చదివాడు.

'గొంతు గుర్తుపట్టాను' అని రాసింది కంప్యూటర్.

నాలుగున్నరకి అంతా అయింది, ఒక్క చోట తప్ప. తాళం వేసిందెవరో చెప్పే చోట ఆ రోజు పెన్సిల్ మొన విరిగింది. కాగితం మీద చిరుగే ఉంది. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. పట్టుబడినవాడి పేరు తనంతట తాను చేర్చడానికి మనసొప్పలేదు. ఏడుపొచ్చేసింది.

"నాయనా, తాళం వేసిందెవరు? ఒక్కసారి చెప్పు..." అని ఎగశ్వాసతో గొణిగాడు.

గదిలో చడీచప్పుడు లేదు.

ప్రశ్న తెర మీద పడింది. దాని కింద... ఒక్కొక్కటే... అక్షరాలు.

'సూపర్‌వైజరు... రాసుకోండి.'

ఎక్కడో గుడ్డ కాలుతున్న వాసన. భయమేసింది. కానీ పట్టుబడినవాడు ఆ గోదాము సూపర్‌వైజరే. నాలుగు యాభై ఎనిమిది.

"పంపు," అన్నాడు.

'ఈ గొంతు నాకు తెలియదు.'

"పంపవే... పంపు..."

'ఈ గొంతు నాకు తెలియదు.'

కూలీ గొంతు తెచ్చుకోవాలి. అలా ఊపిరి బిగబట్టాలి. నోరు తెరిచేలోగా ఇంకో వరుస వచ్చింది.

'మామయ్యా... తలుపు తియ్యండి.'

చెవులు రిక్కించాడు. బయట ఏ పిలుపూ లేదు.

'మామయ్యా... పొగ...'

కంప్యూటరూ గుర్తులేదు, కోర్టూ గుర్తులేదు. మోచేతులతో గడియ లాగాడు. జారింది. మళ్లీ లాగాడు. కట్లలోంచి నొప్పి నెత్తికెక్కింది. తలుపు తెరుచుకుంది.

ముందుగదిలో కోడలు బట్టలు మడతపెడుతోంది. ఎక్కడా పొగ లేదు.

"నన్ను... పిలిచావా అమ్మా?"

"లేదే. ఏంటి మామయ్యా అలా ఉన్నారు?"

గోడగడియారం ఐదు కొట్టింది. వాంగ్మూలం పంపనేలేదు. ఆయన గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు కంగారుగా దగ్గరికొచ్చింది. ఏదో అడగబోయి దగ్గింది. మళ్లీ దగ్గింది... ఆగకుండా దగ్గింది.

నోటికి అడ్డం పెట్టుకున్న అరచెయ్యి తీసి చూసుకుంది. అరచేతి నిండా నల్లటి మసి.